పస్తుండి బతికే విద్య

విజయవాడ వన్ టౌన్‌లో కొండప్రాంతం ఇళ్లకు నీళ్లు ఎక్కడం ఎప్పుడూ ఒక పెద్ద పనే. కింద రోడ్డు మీది ఇళ్లకు వచ్చినంత సులువుగా పైకి రావు. అందుకే కుళాయి వచ్చినప్పుడే బిందెలు, డ్రమ్ములు నింపి పెట్టుకుంటారు. ఆ నీళ్లే మర్నాటిదాకా, ఒక్కోసారి ఆపైన కూడా వాడుకుంటారు. అవి కృష్ణ నీళ్లే, వడపోసి క్లోరిన్ కలిపి పంపినవే. అయితే దారిలో ఎక్కడో పైపుకు పగులుండి, పక్కనే సైడు కాలవ పారుతుంటే, క్లోరిన్ బలం తగ్గిన నీటిలోకి మనిషి పేగుల్లో ఉండాల్సిన బ్యాక్టీరియా చేరిపోతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మునిగినప్పుడు డాక్టర్లు ముందుగా భయపడింది దీనికే.

అలా నీళ్లలో పడిన ఒక ఈ. కోలై కణం సంగతి చూద్దాం. నిన్నటిదాకా అది ఉన్నది 37 డిగ్రీల వెచ్చదనంలో, వేళకు తిండి అందే పేగులో. ఇవాళ చుట్టూ చల్లటి నీళ్లు. చక్కెర లేదు, అమైనో ఆమ్లాలు లేవు, నత్రజని అంతంతమాత్రం. ఇలాంటి చోట చాలా కణాలు చచ్చిపోతాయి. కానీ అన్నీ చావవు. కొన్ని రోజుల తరబడి, అనుకూలిస్తే వారాల తరబడి నిలుస్తాయి. ఎదగవు, రెండుగా చీలవు, అలాగని చావవు కూడా. తిండి దొరకదని తెలిసిన మరుక్షణం అవి మొదట చేసేది ఆగిపోవడం. ఓపిక లేక కూలబడటం వేరు, ఇది వేరు. ఏది ముందు ఆపాలి, ఏది పూర్తి చేసి ఆపాలి, ఏది అసలు మొదలుపెట్టకూడదు అన్న వరస ఇందులో ఉంది. ఆ వరస తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ పని ఇంకా సాగుతోంది. హైదరాబాద్‌లోని రెండు పరిశోధన సంస్థలు ఇందులో పాలుపంచుకున్నాయి. భీమవరంలో పుట్టిన ఒక పెద్దమనిషి పేరు కూడా ఈ దారిలో మూడుసార్లు తగులుతుంది.

ముందు కడుపు నిండిన రోజుల సంగతి. తిండి బాగా దొరికితే ఈ. కోలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. దాని డీఎన్ఏ ఒకే ఒక్క వలయం, అందులో సుమారు 46 లక్షల అక్షరాల జతలు. తెంపి సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటరు పొడవు ఉంటుంది. కణం పొడవేమో మిల్లీమీటరులో ఐదొందలో వంతు. అంత పొడుగు పోగు అంత చిన్న చోట చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఆ వలయానికి ప్రతి తీయడం ఎక్కడ పడితే అక్కడ మొదలు కాదు. ఓరిసి అనే ఒక్క చోటే మొదలవుతుంది. డీఎన్ఏ-ఏ అనే ప్రోటీన్ అణువులు అక్కడ గుమిగూడి జంట పోగుల్ని విడదీస్తాయి. అక్కడి నుంచి రెండు ప్రతి యంత్రాలు చెరో దిక్కుకు బయల్దేరి, సెకనుకు దాదాపు వెయ్యి అక్షరాల చొప్పున కొత్త పోగు అల్లుకుంటూ పోయి, వలయానికి అవతలి కొసన కలుసుకుంటాయి. మొత్తం పనికి పట్టేది 40 నిమిషాలు.

మరి 20 నిమిషాలకు చీలిపోయే కణం 40 నిమిషాల పని ఎలా ముగిస్తుంది? స్టీఫెన్ కూపర్, చార్లెస్ హెల్మ్‌స్టెటర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1968లో ఈ చిక్కు విప్పారు. ఒక ప్రతి పూర్తి కాకముందే ఆ సగం ప్రతుల మీద మళ్లీ కొత్త ప్రతి మొదలవుతుంది. అంటే రేపు పుట్టబోయే మనవరాలి డీఎన్ఏకు అమ్మమ్మ కడుపులోనే అంకురార్పణ జరిగిపోతుందన్నమాట. జోరుగా ఎదిగే ఒక్క కణంలో ఒకేసారి నాలుగైదు చోట్ల ప్రతి పని నడుస్తూ ఉంటుంది.

ప్రమాదమంతా ఇక్కడే ఉంది. ఇంత హడావుడిలో ఉండగా సరుకు ఆగిపోతే, సగం తీసిన ప్రతులు తెరిచిన గాయాల్లా మిగిలిపోతాయి. విడిపోయిన పోగు తేలిగ్గా తెగుతుంది. తెగిన డీఎన్ఏను అతకడానికి మళ్లీ శక్తి కావాలి, ఆ శక్తే లేదు. ఆకలి వేళ బ్యాక్టీరియా ప్రాణం నిలిచేదీ పోయేదీ ముఖ్యంగా ఈ ఒక్క దగ్గరే.

తిండికీ ఎదుగుదలకూ మధ్య ఒక లెక్క ఉందని ముందుగా గట్టిగా చూపింది కోపెన్‌హాగెన్ బృందం. 1958లో షాక్టర్, మాలో, ఖెల్‌గార్డ్ అనే ముగ్గురు బ్యాక్టీరియాను రకరకాల ఆహారాల్లో పెంచి కొలిచారు. మంచి తిండి తిన్న కణం పెద్దదిగా ఉంది, దానిలో డీఎన్ఏ, ఆర్ఎన్ఏ ఎక్కువగా ఉన్నాయి. నాసి తిండి మీద పెరిగింది చిన్నది. ఆ తిండి గోధుమ గంజా మాంసం రసమా అన్నదానితో పని లేదు, ఎంత వేగంగా ఎదగనిస్తుంది అన్నదే కణం ఒడ్డూ పొడుగూ నిర్ణయించింది. ఆ లెక్క ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

ఇంతకీ తిండి తగ్గిందని కణానికి ఎలా తెలుస్తుంది? దానికి కళ్లు లేవు, నాలుక లేదు. తెలిసేది రైబోజోమ్ దగ్గర. రైబోజోమ్ అంటే ప్రోటీన్ అల్లే చోటు. టీఆర్ఎన్ఏ అనే చిన్న అణువులు ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చి అక్కడ అందిస్తుంటాయి. ఏదైనా ఒక అమైనో ఆమ్లం కరువైతే, దాన్ని మోయాల్సిన టీఆర్ఎన్ఏ వట్టి చేతులతో వచ్చి తన చోట్లో కూర్చుంటుంది. పని ఆగిపోతుంది. సరిగ్గా ఈ స్థితిని పసిగట్టడానికే రెల్-ఏ అనే ఎంజైమ్ ఉంది. వట్టి చేతుల టీఆర్ఎన్ఏ రైబోజోమ్‌లో కూర్చోగానే రెల్-ఏ అక్కడికి చేరి మేల్కొంటుంది. శక్తిని నిల్వచేసే ఏటీపీ నుంచి రెండు ఫాస్ఫేట్లు తీసి, అప్పటికే ఫాస్ఫేట్లు మోస్తున్న గ్వానోసిన్ అణువుకు తగిలిస్తుంది. అలా పుట్టేదే పీపీజీపీపీ.

ఈ పేరు పలకడం కష్టమే, కానీ గుర్తు పెట్టుకోదగింది. ఇందులో నాలుగు ఫాస్ఫేట్లు ఉన్నాయి, ఇటు రెండు, అటు రెండు. అమైనో ఆమ్లం కరువైన కొన్ని సెకన్లకే దీని మోతాదు పెరగడం మొదలవుతుంది. డీకేఎస్-ఏ అనే ప్రోటీన్‌తో కలిసి ఇది వెళ్లి, జన్యువుల్ని చదివే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. జోరుగా ఎదిగే కణంలో ఆర్ఎన్ఏ తయారీలో సగానికి పైగా శ్రమ రైబోజోమ్‌ల కోసమే పోతుంది. పీపీజీపీపీ ముందుగా ఆ ఖర్చును కట్టేస్తుంది. అదే సమయంలో, కరువైన అమైనో ఆమ్లాన్ని ఇంట్లోనే తయారు చేసుకునే జన్యువుల్ని తెరిపిస్తుంది. ఒకే అణువు ఒక చేత్తో దుబారా ఆపి, రెండో చేత్తో సంపాదన మార్గం వెతుకుతుంది.

దీన్ని కనుక్కున్న తీరు కూడా ముచ్చటైనది. అమైనో ఆమ్లాలు అందనప్పుడు బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ తయారీని ఆపేస్తుందని, అలా ఆపలేని ఒక మార్పుజాతి ఉందని 1961లో గుంతర్ స్టెంట్, సిడ్నీ బ్రెన్నర్ రాశారు. ఎలా ఆపుతుందో మాత్రం తెలియలేదు. 1969లో మైఖేల్ కాషెల్, జోనథన్ గాలంట్ బ్యాక్టీరియాకు రేడియోధార్మిక ఫాస్ఫరస్ తినిపించి, ఆకలికి గురిచేసి, కణంలోని పదార్థాన్ని పల్చటి పొర మీద విడదీసి, ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టి చూశారు. మామూలు జాతిలో అంతకుముందు లేని రెండు మచ్చలు కనిపించాయి. మార్పుజాతిలో ఆ మచ్చలు లేవు. అవేమిటో అప్పటికి తెలియక వాటిని మ్యాజిక్ స్పాట్లు అన్నారు. ఆ ముద్దుపేరు ఇప్పటికీ పోలేదు.

ఫాస్ఫేట్లను లెక్కపెట్టడం గురించి మాట్లాడుతూ ఎల్లాప్రగడ సుబ్బారావును తలవకపోతే తప్పు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివి, 1920ల మొదట్లో బోస్టన్ చేరిన ఆయన, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. నమూనాలో ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం రంగు అంత చిక్కబడుతుంది. ఆ రంగును కొలిస్తే చాలు. ఆ పద్ధతి ఆధారంగానే 1929లో ఇద్దరూ ఏటీపీని విడదీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఆ పనే చేశాడు. ఆకలి కబురు రాయడానికి బ్యాక్టీరియా ఫాస్ఫేట్లను తీసేది ఈ ఏటీపీ నుంచే.

ఇక డీఎన్ఏ సంగతి. విజయవాడ పుస్తక ప్రచురణకు పేరున్న ఊరు కాబట్టి అక్కడి మాటే చెప్పవచ్చు. కాగితం అయిపోవస్తోందని తెలిసిన ప్రెస్సు ఫోర్‌మన్, మిషన్ ఎక్కిన ఫారాన్ని ముగిస్తాడు గానీ కొత్త ఫారం ఎక్కించడు. ఈ. కోలై చేసేది ఇదే. అమైనో ఆమ్లాలు ఆగగానే ఓరిసి దగ్గర కొత్త ప్రతి మొదలు కాదు, అప్పటికే నడుస్తున్న ప్రతులు చివరిదాకా వెళ్లి పూర్తవుతాయి. కణం దగ్గర చివరికి మిగిలేవి నిండు ప్రతులే. అర్ధాంతరంగా తెరుచుకున్న పోగులు ఉండవు. ఓరిసి చుట్టుపక్కల జన్యువుల్ని చదవడం తగ్గినప్పుడు పోగులు విడిపోవడానికి కావలసిన మెలిక అక్కడ ఏర్పడదని, పీపీజీపీపీ ఆ దారిలోనే ఓరిసిని మూసి ఉంచుతుందని 2019లో ఎంఐటీలో మైఖేల్ లాబ్ బృందం చూపింది.

అన్ని బ్యాక్టీరియాలదీ ఒకే పద్ధతి కాదు. మట్టిలో, ఎండుగడ్డిలో ఉండే బాసిల్లస్ సబ్టిలిస్ ఇంకా కరుకు. ఇందులో పీపీజీపీపీ నేరుగా వెళ్లి ప్రైమేజ్ అనే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. కొత్త పోగుకు మొదటి ముక్క వేసేది అదే. దాంతో ప్రతి యంత్రాలు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. 2007లో జూ వాంగ్, గ్లెన్ శాండర్స్, అలన్ గ్రాస్‌మన్ దీన్ని కనుక్కున్నప్పుడు ఆశ్చర్యం కలిగించిన విషయం, అలా నడిమధ్యలో నిలిచిన యంత్రాలు పోగు తెగకుండా కాపాడుకున్నాయి. తిండి రాగానే ఆగిన చోటు నుంచే మళ్లీ కదిలాయి. రెండు జాతులు, రెండు పద్ధతులు, ఒకే అణువు.

ఆపడం ఎంత అవసరమో, ఆపలేకపోతే ఏమవుతుందో చూస్తేనే పూర్తిగా అర్థమవుతుంది. ఇక్కడ మళ్లీ సుబ్బారావు ఎదురవుతారు.

ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషి కరిగిపోయే జబ్బు అది. ఆ తర్వాతి కాలంలో ఆయన లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి పెద్దగా ఉండగా, 1940లలో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని విడదీసి, రసాయనికంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది పనిచేసింది. ఆ వెతుకులాటలో వాళ్లకు కొలబద్దగా నిలిచింది ఒక బ్యాక్టీరియా. లాక్టోబాసిల్లస్ కేసై తనంతట తాను ఫోలిక్ ఆమ్లం తయారు చేసుకోలేదు. మిగతా తిండంతా పెట్టి అదొక్కటి పెట్టకపోతే ఎదగదు. పరీక్షించాల్సిన కాలేయ సారం ఒక చుక్క వేస్తే, అందులో ఫోలిక్ ఆమ్లం ఎంత ఉంటే అంత ఎదుగుతుంది. గొట్టంలో ద్రవం ఎంత మసకబారిందో చూసి మోతాదు చెప్పేవారు. బ్యాక్టీరియా ఆకలినే తూనికరాయి చేసుకుని ఒక విటమిన్‌ను పట్టుకున్నారు. రక్తహీనతకు ఇవాళ గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండే ఫోలిక్ ఆమ్లం అదే.

డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన థైమిన్ తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. అది కరువైతే థైమిన్ కరువు. 1954లో సీమోర్ కోహెన్, హేజెల్ బార్నర్ ఒక వింత గమనించారు. అమైనో ఆమ్లాలు అందకపోతే ఓపిగ్గా పడి ఉండే ఈ. కోలై, థైమిన్ ఒక్కటి అందకపోతే కొన్ని గంటల్లోనే గుంపులు గుంపులుగా చచ్చిపోయింది. కారణం ఊహించవచ్చు. మిగతా సరుకంతా ఉంది గనుక కణానికి కరువు కబురు అందదు. ప్రోటీన్ తయారవుతూనే ఉంటుంది, కణం ఎదుగుతూనే ఉంటుంది, ఓరిసి దగ్గర కొత్త ప్రతులు మొదలవుతూనే ఉంటాయి. డీఎన్ఏకు మాత్రం అక్షరం లేదు. తెరిచిన పోగులు తెగుతాయి. అంటే దాన్ని చంపుతున్నది ఆకలి అనడం కంటే, ఆకలి తెలియకపోవడం అనడమే సబబు.

1961లో ఓలె మాలో, ఫిలిప్ హానవాల్ట్ దీనికి అందమైన పరీక్ష పెట్టారు. ముందుగా అమైనో ఆమ్లాలు ఆపి, నడుస్తున్న ప్రతులన్నీ పూర్తయ్యేదాకా ఆగారు. అప్పుడు థైమిన్ తీసేశారు. ఈసారి కణాలు చావలేదు. పూర్తయిన ప్రతులతో నిలిచిన కణానికి థైమిన్ లేకపోయినా ముంచుకొచ్చేదేమీ లేదు. ఈ శాస్త్రంలో ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం అరుదు.

ఈ విషయం మన మందుల పెట్టెలోనూ ఉంది. ఒకప్పుడు ప్రతి ఇంట్లో సెప్ట్రాన్ పేరుతో వినిపించిన మాత్రలో రెండు మందులుంటాయి, సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్. రెండూ బ్యాక్టీరియా ఫోలిక్ ఆమ్లం దారిని మూసేవే. ప్రయోగశాలలో, తిండి పుష్కలంగా ఉన్న ద్రవంలో ట్రైమెథోప్రిమ్ బ్యాక్టీరియాను చంపుతుంది. తిండి తక్కువైన ద్రవంలో మాత్రం ఎదుగుదలను ఆపి ఊరుకుంటుంది, ఎందుకంటే ఆ స్థితిలో అమైనో ఆమ్లాలూ తగ్గి, కణానికి ఆకలి కబురు అంది, అది జాగ్రత్త పడుతుంది. మందు అదే, బ్యాక్టీరియా అదే. చావడమా నిలవడమా అన్నది అది ఎంత ఆకలిగా ఉందో దాన్ని బట్టి తేలింది.

మొదట్లో చెప్పిన హైదరాబాద్ సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ. సీడీఎఫ్‌డీ పేరు జనానికి తెలిసింది డీఎన్ఏ వేలిముద్రల కేసులతో. అదే సంస్థలో బ్యాక్టీరియా జన్యుశాస్త్ర ప్రయోగశాల ఉందని, అక్కడ ఆర్. హరినారాయణన్ ఏళ్ల తరబడి పీపీజీపీపీ మీదే పనిచేశారని తెలిసినవాళ్లు తక్కువ. 2016లో ఆయన బృందం ఒక చిక్కు సంగతి చెప్పింది. పీపీజీపీపీ అసలే తయారు చేయలేని ఈ. కోలైలో లాన్ అనే మరో ఎంజైమ్‌ను కూడా తీసేస్తే కణం బతకదు. లాన్ పని, అవసరం తీరిన ప్రోటీన్లను ముక్కలు చేయడం. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు కణం చీలకుండా అడ్డుకునే సుల్-ఏ అనే ప్రోటీన్‌ను ముక్కలు చేసేది అదే. పీపీజీపీపీ లేని కణంలో లాన్ కూడా లేకపోతే సుల్-ఏ పేరుకుని, కణం రెండు కాలేక చస్తుంది. పీపీజీపీపీ ఆకలి రోజులకే కాదు, మామూలు రోజుల్లో డీఎన్ఏ, విభజన రెండూ ఒక తాళంలో నడవడానికీ అవసరమని ఇలాంటి పరిశోధనలు చూపాయి.

సీసీఎంబీలో 1990లలో దీపంకర్ ఛటర్జీ, పీపీజీపీపీ వెళ్లి ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌లో ఎక్కడ పట్టుకుంటుందో వెతికారు. తర్వాత ఆయన బెంగళూరు ఐఐఎస్‌సీకి వెళ్లి, క్షయ బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టమైన జాతిలో ఇదే ఆకలి ఏర్పాటును శోధించారు. ఎదుగుదలకు మరో ముఖం కణం గోడ. ఆ గోడ కుట్లు విప్పి కొత్త ఇటుక పెట్టనిదే కణం పొడవు పెరగదు. ఆ కుట్లు విప్పే ఎంజైమ్‌లను సీసీఎంబీలో మంజులా రెడ్డి బృందం 2012లో గుర్తించింది. వాటిలో ఒకదాన్ని ఎదుగుదల దశను బట్టి ముక్కలు చేసే ఏర్పాటు కణంలోనే ఉందని 2015లో చూపింది. ఈ కృషికి ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. గోడ, డీఎన్ఏ, రైబోజోమ్ ఈ మూడూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటేనే ఆగడం సవ్యంగా జరుగుతుంది.

ఆగిన తర్వాత కణం సర్దుకునే తీరు కూడా చూడాలి. రైబోజోమ్‌లను రెండేసి చొప్పున వీపులు కలిపి పక్కన పెడుతుంది. డీపీఎస్ అనే ప్రోటీన్ డీఎన్ఏను గట్టిగా అదిమి పట్టి దెబ్బ తగలకుండా కాపాడుతుంది. తయారైన నిండు ప్రతులను పంచుకుని చివరిసారి చీలి, చిన్న గుండ్రటి కణాలుగా మారుతుంది. డ్రమ్ము నీళ్లలోనూ, కాలవలు కట్టేసిన వేసవిలో డెల్టా ఊళ్లు దాచుకునే మంచినీటి చెరువులోనూ ఉండేవి ఎక్కువగా ఇలాంటి కణాలే.

అవి లేవడానికి టైము పడుతుంది. పెరుగు తోడు పెట్టేవాళ్లకు ఇది తెలుసు. నిన్నటి పెరుగుతో తోడు వేస్తే తెల్లారేసరికి గట్టిగా పేరుకుంటుంది. వారం రోజులు ఫ్రిజ్‌లో ఉన్న పెరుగుతో వేస్తే మధ్యాహ్నమైనా నీళ్లోడుతూ ఉంటుంది. ఆ పాత పెరుగులో చక్కెర తగ్గి, పులుపు పెరిగి, బతికి ఉన్న కణాలు తక్కువ. ఉన్నవి కూడా ముందు పీపీజీపీపీని చెరిపేసుకోవాలి, రైబోజోమ్‌లు మళ్లీ కట్టుకోవాలి, అప్పుడే ఓరిసి తెరుచుకుంటుంది.

నీటి పరీక్ష సీసా చేసేది ఈ లేపడమే. పల్లెల్లో తాగునీరు పరీక్షించడానికి వాడే చిన్న సీసా ఒకటుంది. అడుగున బ్యాక్టీరియాకు కావలసిన తిండి, కొంచెం ఇనుము కలిపి ఆరబెట్టి ఉంటుంది. గీత వరకు నీళ్లు పోసి మూతపెట్టి వెచ్చగా ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలంతో వచ్చే కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ నీళ్లలో ఉంటే, తిండి తగలగానే లేచి పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. ఇనుముతో కలిసి అది నల్లబడుతుంది. పొద్దున నిర్మలంగా కనిపించిన నీళ్లు మర్నాటికి సిరాలా అవుతాయి. 1982లో భారతీయ శాస్త్రవేత్తలే దీన్ని ప్రచురించారు. కంటికి నిర్మలంగా ఉండటం, బ్యాక్టీరియా లేకపోవడం ఒకటి కాదని చూపడానికి ఇంతకంటే తేలికైన సాధనం లేదు.

మట్టిలో ఈ ఆకలే మనకు మేలు కూడా చేసింది. స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా తిండి ఉన్నంతసేపు పోగులుగా అల్లుకుపోతుంది. తిండి తగ్గాక ఎదుగుదల ఆపి, యాంటీబయాటిక్స్ తయారు చేస్తుంది. ఇందులో పీపీజీపీపీ పాత్ర ఉందని పలు జాతుల్లో రుజువైంది. సుబ్బారావు లెడర్లీలో ఉండగా, బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు పోయారు.

ఇదంతా మనుషులకు ఎక్కువగా తగిలే చోటు క్షయ. టీబీ బ్యాక్టీరియా మామూలుగానే నిదానస్తురాలు, రెండవడానికి సుమారు ఒక రోజు తీసుకుంటుంది. ఊపిరితిత్తుల్లో మన రక్షక కణాలు దాన్ని చుట్టుముట్టి గడ్డలా కట్టేస్తాయి. లోపల ఆక్సిజన్ తగ్గుతుంది, తిండి తగ్గుతుంది. అక్కడ చాలా కణాలు ప్రతి తీయడం దాదాపు మానేసి పడి ఉంటాయి. 1933లోనే లోబెల్, ఆయన సహచరులు టీబీ బ్యాక్టీరియాను తిండి లేని ద్రవంలో ఉంచి, దాని శ్వాస క్రమంగా అడుగంటడం, తిండి వేయగానే మళ్లీ పుంజుకోవడం కొలిచి చూపారు. 2003లో డాల్ బృందం పీపీజీపీపీ తయారు చేయలేని టీబీ బ్యాక్టీరియాను ఎలుకలకు ఎక్కిస్తే, అది మొదట నిలదొక్కుకున్నా దీర్ఘకాలం నిలవలేకపోయింది. నెలల తరబడి మనిషిలో దాక్కోవడానికి దానికి ఈ అణువు కావాలి.

టీబీ మందులు నెలల తరబడి ఎందుకు మింగాలో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఐసోనియాజిడ్ ఎదిగే కణాల మీదే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది కొట్టేది కొత్త గోడ కట్టడాన్ని. గోడ కట్టని కణానికి దానితో పెద్దగా నష్టం లేదు. రిఫాంపిసిన్, పైరజినమైడ్ నెమ్మదిగా ఉన్న కణాలనూ పట్టుకుంటాయి, అయినా పడుకున్నవి ఒక్కొక్కటిగా లేచేదాకా మందు రక్తంలో ఉండాల్సిందే. అందుకే మందులకు లొంగే మామూలు టీబీకి మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు. దగ్గు తగ్గి, బరువు పెరిగి, మనిషి తేరుకునేది మొదటి రెండు నెలల్లోనే. అప్పటికి చచ్చినవి ఎదుగుతున్న కణాలు. ఆకలితో ఆగినవి ఇంకా ఉన్నాయి. మందు మానేస్తే అవి లేస్తాయి. సగం సగం వాడిన మందుకు లొంగనివి కూడా వాటితో లేవవచ్చు. ఇక్కడ రోగిని తిట్టడం అన్యాయం. కూలికి వెళితేగాని పూట గడవని ఇంట్లో, ఒంట్లో బాగానే ఉన్న మనిషి ఆరో నెల దాకా మాత్ర మింగాలంటే ఎందుకు మింగాలో చెప్పేవాళ్లుండాలి. ఆ కారణం మన ఆరోగ్య ప్రచారంలో చాలా తక్కువగా వినిపిస్తుంది. వినిపించాలి.

మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. చికిత్స జరిగినన్నాళ్లు పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబర్ నుంచి నెలకు 1,000 రూపాయలు రోగి ఖాతాలో వేస్తున్నారు. సందేహాలుంటే 1800-11-6666 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇంట్లోగానీ, పక్క వాటాలోగానీ, మార్కెట్లో తోటి ముఠా కూలీల్లోగానీ ఎవరైనా టీబీ మందులు వాడుతుంటే, దగ్గు తగ్గిందని మూడో నెలలో మానేయకుండా డాక్టరు చెప్పిన చివరి మాత్ర దాకా దగ్గరుండి వేయించండి.